పదిహేడు మాత్రలు

కిందటి వారం తూకాలక్కను అంగట్లో ఒంటరిగా వదిలేసి వచ్చాం. చిన్న త్రాసు ముందు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక పళ్లెంలో తమ్ముడి మందు సీసా, తెల్లది, పచ్చమూతది. రెండో పళ్లెంలో అలాంటిదే ఖాళీ సీసా, దాని పక్కన గోరంత తూకపురాళ్లు. కొట్లవాళ్ల త్రాసులు సరిచేయడం ఆమె వృత్తి. తమ్ముడు పారేసే సీసాలు ఏరుకుని వాటిలో చిన్నచిన్న మరమేకులు పోసి పెట్టుకుంటుంది, అందుకని సీసా బరువు ఆమెకు కంఠతా వచ్చు. ఎప్పుడో కింద దొర్లిన మాత్ర ఒకటి తిరిగి ఇచ్చే ముందు చెయ్యి ఊరుకోక తూచింది, అందుకని మాత్ర బరువూ తెలుసు. ఇంకొకరి మందు సీసా మూత తీయడం మర్యాద కాదని తీయలేదు. తీయకుండానే లెక్క తేలిపోయింది. ముప్పై మాత్రల సీసా మొదలుపెట్టి ఇరవై ఆరు రోజులు. రోజుకొకటి చొప్పున నాలుగు మిగలాలి. పదిహేడున్నాయి.

ఒంటిగంటకు బయట వ్యాను ఆగిన చప్పుడైంది. తమ్ముడు బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే వెళ్లి, కొట్లన్నీ తిరిగి బ్రెడ్డు వేసి, ఈ వేళకు భోజనానికి వస్తాడు. వయసు ముప్పై ఎనిమిది. అక్కకు మాత్రం ఇంకా చిన్నోడే. అమ్మ పోయినప్పుడు వాడికి ఏడేళ్లు, ఈమెకు పద్దెనిమిది. నాన్న పోతూ ఈ అంగడినీ, ఆ చిన్నోణ్నీ ఆమె చేతుల్లో పెట్టాడు. రెంటినీ తుప్పు పట్టనివ్వకుండా చూసుకుంది.

"ఏంటక్కా, ఇవాళ భోజనం కూడా తూచి పెడతావా?" అంటూ లోపలికొచ్చాడు చిన్నోడు. వచ్చినవాడు పళ్లెంలో సీసా చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"కూర్చో."

"కాళ్లు కడుక్కుని వస్తా."

"ముందు కూర్చో. కాళ్లెక్కడికీ పోవు."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చూపు సీసా మీద నుంచి తిప్పుకోలేకపోతున్నాడు.

"పోవాల్సిన మాత్రలు పదమూడు పోలేదు. ఏమయింది?"

"నా సీసా మూత తీశావా?"

"తీస్తే లెక్కపెట్టేదాన్ని కదా. తూచాను."

వాడికి నవ్వొచ్చేసింది, అంత భయంలోనూ. "నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివే."

"మాట మార్చకు."

నవ్వు పెదాల మీదే ఆరిపోయింది. చేతిలో తాళాల గుత్తిని అటూ ఇటూ తిప్పాడు. "రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. ఏమీ కాలేదుగా? చూడు, ఎలా ఉన్నానో. పొద్దున ఎనభై ట్రేలు నేనొక్కణ్నే దించా."

"డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నీ నోటితో నీకు వినబడేలా చెప్పు."

చిన్నోడు నేల చూస్తూ చెప్పాడు, చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు. "రోజూ వేసుకుంటే క్రిమి రక్తంలో కనబడనంతగా అణిగిపోతుంది. ఎవరికీ అంటదు. నేనూ అందరిలాగే బతుకుతాను. మాటిమాటికీ మానేస్తే మాత్రం అది ఆ మందుకు అలవాటుపడిపోతుంది. తర్వాత వేసుకున్నా పనిచెయ్యదు."

"మరి?"

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగాక వాడు తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"పన్నెండు వేలక్కా," అన్నాడు చివరికి. "ఒక్క సీసా పన్నెండు వేలు."

ఆరేళ్లుగా వాడికి హెచ్.ఐ.వి. ఉంది. సర్కారు ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చే మందు వాడికి పడక, మొదట్లోనే డాక్టరమ్మ ఈ మందు రాసింది. ఎలా వచ్చిందని ఆమె ఏనాడూ అడగలేదు. దేవుణ్ని కూడా అడగలేదు. రోజూ పొద్దున్నే అంగడి తలుపు తీసి, దణ్ణం పెట్టుకుని, పెద్ద త్రాసు ముల్లు సరిగ్గా మధ్యన నిలిచిందో లేదో చూసుకుంటుంది. ఆ ఒక్క క్షణంలో మాత్రం మనసులో ఒక మాట అనుకుంటుంది. సరుకు తూచేటప్పుడు డబ్బా బరువు తీసేస్తాం కదా స్వామీ, నువ్వు మనుషుల్ని తూచేటప్పుడు కూడా ఒంటికొచ్చిన జబ్బు బరువు తీసేసే చూస్తావా? జవాబు వచ్చేది కాదు. ముల్లు మధ్యన నిలిచేది. అంతటితో తృప్తిపడి పనిలో పడేది.

"పన్నెండు వేలేంటి? పోయినేడు నెలకు వెయ్యి కట్టావు కదా."

"అదే నాకూ అర్థం కావట్లేదు. అర్థంకాని దాని గురించి నీతో ఏం చెప్పను?"

"కాగితాలున్నాయా?"

"ఉన్నాయి."

"తీసుకురా."

ప్లాస్టిక్ కవరులో మడతలు మడతలుగా ఉన్నాయి కాగితాలు. తూకాలక్క కళ్లజోడు దించుకుని ఒక్కొక్కటే చదివింది. పదో తరగతితో ఆగిన చదువు ఆమెది. అక్షరాలు తెలుసు, అంకెలు ఇంకా బాగా తెలుసు. కానీ ఆ కాగితాల్లో మనిషి మాట్లాడుకునే మాట ఒక్కటి లేదు. మూడో కాగితం దగ్గరికి వచ్చేసరికి చిరాకేసి బల్ల మీద పడేసింది.

"ఇది రాసినవాడు ఇంట్లో పెళ్లాంతో కూడా ఇలాగే మాట్లాడతాడా?"

"అందుకే వాడికి రాసే తీరిక దొరికిందేమో."

ఈసారి ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఆమె సీసా పక్కకు తీసి, పెద్ద త్రాసు ముందుకు లాగింది. ఇత్తడి రాళ్ల పెట్టె తెరిచింది.

"నువ్వు చెప్పు, నేను వేస్తా. ఒక్కో చిన్న రాయి వెయ్యి అనుకో. మీ కంపెనీ ఇన్సూరెన్సు ఏమంటుంది?"

"ఏడాదిలో మొదటి నలభై వేలు మనమే పెట్టుకోవాలి. అది దాటాక సీసాకు వెయ్యి కడితే చాలు, మిగతాది వాళ్లు కడతారు."

ఎడమ పళ్లెంలో నలభై రాళ్లు పడ్డాయి. ఆ పళ్లెం ఠక్కున కిందికి దిగింది.

"ఇది దాటాలి. ఊఁ. కుడివైపు ఏం వేశావు?"

"మొదటి నాలుగు నెలలు మందు తయారుచేసే కంపెనీ వాళ్లు సాయంగా ఇచ్చే కార్డుంది కదా. సీసాకు పది వేలు ఆ కార్డు కట్టింది, రెండు వేలు నేను కట్టా. నాలుగు నెలలకు కార్డులో ఉన్న నలభై వేలూ అయిపోయాయి. పోయినేడూ ఇంతే. అప్పటికి ఈ నలభై దాటేశాం కాబట్టి ఐదో నెల నుంచి వెయ్యే కట్టా."

"ఈ ఏడు?"

"ఐదో నెల మందుల షాపుకి వెళ్తే, పన్నెండు వేలూ నువ్వే కట్టాలి అన్నారు. జేబులో రెండు వేలే ఉన్నాయి. వెనక వరసలో ఆరుగురు నిలబడి ఉన్నారు. ఎందుకని గట్టిగా అడగాలంటే మందు పేరు చెప్పాలి కదక్కా. మళ్లీ వస్తానని వచ్చేశా. మర్నాడు దాచుకున్నదంతా తీసుకెళ్లి కొన్నా. ఈ ఒక్కటీ రెండు నెలలు రావాలని..."

గోరుతో బల్ల అంచు గీకాడు.

తూకాలక్క రాళ్లు అందుకుంది. కుడి పళ్లెంలో కార్డు కట్టిన నలభై వేసింది. వాడు కట్టిన ఎనిమిది వేసింది. ఐదో నెల పన్నెండు వేసింది. మొత్తం అరవై. త్రాసు కుడివైపు బరువుగా ఒరిగింది.

"ఎప్పుడో దాటిపోయింది కదరా!"

"నేనూ అదే అనుకున్నా. ఆ కాగితాల్లో మాత్రం వాళ్ల లెక్క ఇరవయ్యే చూపిస్తోంది."

ఆమె పళ్లెం వంక చూస్తూ ఉండిపోయింది. అరవైకీ ఇరవైకీ మధ్య తేడా ఎంత? నలభై. కార్డు కట్టింది ఎంత? నలభై. కుడి పళ్లెం లోంచి కార్డు రాళ్లు నలభై తీసి పక్కన పెట్టింది. మిగిలినవి ఇరవై. త్రాసు ఎడమవైపు ఒరిగింది, వాళ్లు చెప్పినట్టే.

"డబ్బా బరువు కింద తీసేశారు," అంది తూకాలక్క.

"అంటే?"

"కొట్టువాడు నూనె తూచేటప్పుడు డబ్బా బరువు తీసేస్తాడు చూడు, అలా. నీ తరఫున కార్డు కట్టిన నలభైనీ సరుకు కాదు డబ్బా అన్నారు. మందుల షాపువాడికి అరవై వేలూ ముట్టాయి. వీళ్లు మాత్రం నీ చేతి నుంచి వచ్చిందే చూస్తాం అంటున్నారు. పోయినేడు డబ్బాతో కలిపి తూచారు, ఈ ఏడు తీసేసి తూస్తున్నారు. తూకం పద్ధతి మార్చేటప్పుడు కొనేవాడికి చెప్పాలా వద్దా? నేను ఎవరి త్రాసుకైనా అలా చేస్తే అంగడి మూయించరూ?"

చిన్నోడు అక్క వంక నోరు తెరుచుకుని చూశాడు. నెల రోజులుగా వాడి గుండెల మీద కూర్చున్నది, పళ్లెంలోకి దిగేసరికి ఇంతేనా అన్నట్టుంది.

"ఫోను తియ్యి. ఇన్సూరెన్సు కార్డు వెనక నంబరుంటుంది, కలుపు. నువ్వే మాట్లాడు, నేను పక్కనుంటా."

మీ కాల్ మాకు ఎంతో విలువైనది అని ఒక గొంతు తొమ్మిదిసార్లు చెప్పింది. "అంత విలువైతే ఎత్తొచ్చు కదమ్మా," అని తూకాలక్క ఆ గొంతుకు జవాబిచ్చింది. పదోసారికి నిజం మనిషి పలికింది. చిన్న వయసు పిల్ల. చిన్నోడు పేరూ నంబరూ చెప్పి, మా అక్క అడుగుతుంది, మీరు ఆవిడకు చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు అన్నాడు.

"అమ్మాయీ, ఒక్కటే ప్రశ్న. కార్డు కట్టిన నలభై వేలు మావాడి మొదటి నలభైలో వేశారా, లేదా?"

అవతల కీబోర్డు టకటకలాడింది. "లేదమ్మా. ఈ సంవత్సరం నుంచి లెక్కలోకి తీసుకోవట్లేదు."

"ఎవరు చెప్పారు తీసుకోవద్దని?"

"మీ తమ్ముడుగారి కంపెనీ తీసుకున్న పాలసీయే అలాంటిదమ్మా. రెండు రకాలుంటాయి. ఇది కంపెనీకి కొంచెం చవక."

"మార్చడానికి లేదా?"

ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది. "కంపెనీ యజమాని ఒక ఉత్తరం రాసిస్తే పాత పద్ధతికి మారుస్తారమ్మా. ఏడాది మొదటి నుంచీ లెక్క సరిచేస్తారు. పదిహేను రోజుల్లోపు మాకు అందాలి. అప్పటిదాకా మందు మాత్రం మాననివ్వకండి. మీ డాక్టరుగారి ఆస్పత్రిలో ఇలాంటివాళ్లకు సాయం చేసే నిధి కూడా ఉంటుంది, అడగండి. చాలామంది ఎవర్నీ అడగకుండానే మానేస్తారమ్మా. మాకు రోజూ తెలుస్తుంటుంది."

"నీ తల్లి కడుపు చల్లగా. ఇంత చక్కగా చెప్పేదానివి, ఆ కాగితం నువ్వే రాయాల్సింది," అంది తూకాలక్క. అవతల కిసుక్కుమని నవ్వు వినిపించింది.

ఫోను పెట్టేశాక తూకాలక్క రాళ్లు ఒక్కొక్కటే పెట్టెలో సర్దింది.

"సీసాకు నేనిస్తా, అంతదాకా," అంది ఆమె.

"వద్దు."

"నిధి ఉందంటగా, దాన్నైనా అడుగుదాం."

"మనింట్లో ఎవరు చెయ్యి చాచారని, నేను చాస్తా?"

తూకాలక్కకు నాన్న గుర్తొచ్చాడు. ఎవరి దగ్గరా తూకపురాయి కూడా ఎరువు తెచ్చుకోని మనిషి. అది చెప్పుకుని చెప్పుకుని ఈ పిల్లాణ్ని పెంచింది తనే. ఆ గొప్పే ఇప్పుడు పదమూడు మాత్రలై సీసాలో కూర్చుంది. తప్పెవరిదని ఎవరినడుగుతుంది?

"చిన్నోడా, నేనొకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. వరసలో నిలబడి మందు పేరు చెప్పలేక వెనక్కొచ్చావే, దాన్ని పౌరుషం అనకు. నాన్న పౌరుషం అది కాదు. తక్కువ తూచిన షావుకారు ముందు నిలబడి, నా సరుకు నాకు పెట్టు అన్నాడే, అదీ."

వాడు లేచి కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చుకుని, సీసా మూత తీసి, ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. ఇవాళ మానాల్సిన రోజు, వాడి లెక్కలో. అక్క చూస్తుండగానే గుటుక్కున మింగాడు.

"ఇవాళ్టితో కలిపి పదిహేడు రోజులకు సరిపోతాయి," అన్నాడు. "మిగిల్చినవి ఇలాగైనా పనికొచ్చాయి."

"ముందు డాక్టరమ్మకు ఫోను చెయ్యి."

చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. డాక్టరమ్మ తిట్టింది, ఎల్లుండి పొద్దున రక్తపరీక్షకు రమ్మంది, రోజూ వేసుకుంటూ ఉండమంది. మందు పనిచేస్తోందో లేదో రక్తం చెబుతుంది, అప్పటిదాకా ఏమీ ఊహించుకోవద్దంది. ఫోను పెట్టేసి చిన్నోడు అక్క వైపు తిరిగాడు.

"ఉత్తరం సంగతి రేపే అడుగుతా. మా ఫ్యాక్టరీ పెద్దమ్మగారు ఊళ్లోనే ఉంది. పొద్దున్నే స్టేషన్ నుంచి నేనే తీసుకొచ్చా. మూడు నెలలకోసారి ఒక్కతే ఎక్కడికో పోతుంది. పొద్దున పోయి మర్నాటికల్లా వచ్చేస్తుంది. చేతిలో చిన్న సంచీ, అంతే. మోయడానికి నాకిమ్మన్నా ఇవ్వదు."

"ఎందుకు ఉత్తరం కావాలని అడిగితే?"

"చెప్తా."

"జబ్బు పేరా?"

"ఎన్నేళ్లని మింగుతానక్కా? మాత్ర మింగితే చాలదా?"

మర్నాడు ఎలాగూ ఫ్యాక్టరీ త్రాసులు సరిచూడాల్సిన వంతు ఉంది. తూకాలక్క రాళ్ల పెట్టె పట్టుకుని తమ్ముడి వ్యానులోనే వెళ్లింది. పొయ్యిల వేడి గేటు దగ్గరికే తగులుతోంది. ప్యాకింగు బల్ల దగ్గర పెద్దమ్మగారు నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్లచీర, చేతికి మగవాళ్ల గడియారం. భర్త పోయాక పదేళ్లుగా ఫ్యాక్టరీ ఆమెదే. రోజూ వచ్చీరాగానే కంటికి ఆనిన బ్రెడ్డు ఒకటి తీసి త్రాసులో పెడుతుంది. పది గ్రాములు తగ్గితే ఆ వరసంతా వెనక్కి పోవాల్సిందే. ఆ విషయంలో తూకాలక్కకు ఆమె అంటే గౌరవం. మిగతా విషయాల్లో అందరిలాగే భయం.

"అమ్మగారూ, మీతో మాట్లాడాలి. గదిలో," అన్నాడు చిన్నోడు.

పెద్దమ్మగారు గడియారం చూసుకుంది. "రా."

తూకాలక్కకు లోపలికి పోవాలని కాళ్లు లాగాయి. చిన్నోడు వెనక్కి తిరిగి, వద్దన్నట్టు కళ్లతోనే చెప్పాడు. తలుపు మూసుకుంది. ఆమె బయటి త్రాసు మీద రాళ్లు పెట్టింది, తీసింది, మళ్లీ అవే పెట్టింది. లోపలి మాటలు వినబడవు. కిటికీ అద్దం లోంచి తమ్ముడి వీపు కనబడుతోంది. పెద్దవాళ్ల ముందు చేతులు కట్టుకుని వంగి నిలబడే అలవాటు వాడిది. ఇవాళ వంగలేదు. చేతులు వదిలేసి, తల ఎత్తి, నిటారుగా నిలబడి మాట్లాడుతున్నాడు. ఏడేళ్లప్పుడు తన కొంగు పట్టుకుని అంగట్లో తిరిగినవాడి వీపును చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. లోపల ఏ జవాబు వచ్చినా రానీ. నా తమ్ముడు అడిగాడు. దేవుడా, చూశావు కదా.

తలుపు తెరుచుకుంది.

"నిన్నూ రమ్మంటున్నారక్కా," అన్నాడు చిన్నోడు. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

బల్ల మీద తెల్లకాగితం ఉంది. సంతకం పచ్చిగా మెరుస్తోంది.

"చవకగా వస్తుందంటే ఆ పాలసీ మీద సంతకం పెట్టింది నేనే," అంది పెద్దమ్మగారు. ఎవరినీ చూడటం లేదు. "బ్రెడ్డులో పది గ్రాములు తగ్గితే ఊరుకోను నేను. ఇక్కడ ఎవరి పళ్లెంలోంచి తీస్తే చవకైందో అడగలేదు. ఇదిగో ఉత్తరం. ఇవాళే పంపుతాను."

తూకాలక్క చేతులు జోడించింది.

"ఆగు. ఇంకా అయిపోలేదు." పెద్దమ్మగారు లేచి వెళ్లి తలుపు గడియ వేసింది. తిరిగొచ్చి, చేతి గడియారం పట్టీ కింద దాచుకున్న చిన్న తాళంచెవితో బల్ల సొరుగు తెరిచింది. లోపల నిన్నటి సంచీ ఉంది. అందులోంచి ఒక సీసా తీసింది. తెల్లది, పచ్చమూత. లేబులు గీకేసి ఉంది.

చిన్నోడు గోడకు ఆనుకున్నాడు.

"మూత తీయకుండానే లెక్క చెప్పేస్తావటగా, మీ తమ్ముడు చెప్పాడు," అంది పెద్దమ్మగారు. పదేళ్లుగా ఎవరూ వినని మెత్తని గొంతు అది. సీసాను తెచ్చి తూకాలక్క అరచేతిలో పెట్టింది. "చెప్పు. ఇందులో ఎన్నున్నాయి?"

తూకాలక్క వేళ్లు ముడుచుకున్నాయి. ఆ బరువు ఆ చేతికి ఆరేళ్లుగా తెలుసు.